ఫ్యాన్ చప్పుడు

రేగులగూడెం,
నవంబరు

పరుశూ,

మొత్తానికి ఉత్తరం రాశావు. సంతోషం. ఇక్కడ ఫోన్ మోగాలంటే బడి వెనక వాటర్ ట్యాంక్ మెట్లెక్కాలి. ఎక్కినా నీతో మాట్లాడేదేముంది? "ఆ", "ఊ", "తిన్న", "పెట్టేస్తున్న". కాగితం దొరికితే మాత్రం పేజీలు నింపుతావు. అందుకే చెబుతున్నా, మనిద్దరికీ పోస్టాఫీసే మేలు.

మా గురుకులం సంగతి అడిగావు. 'కంప్యూటర్ గది' అని బోర్డున్న గదిలో ఆరు కంప్యూటర్లున్నాయి. రెండు పనిచేస్తాయి, అవీ వాటికి బుద్ధి పుట్టినప్పుడే. పదో తరగతిలో మనీషా అనే పిల్ల ఉంది. తన వంతు ఎప్పటికీ రావడం లేదని అట్టముక్క మీద కీబోర్డు గీసుకుని దాని మీద టైపింగ్ నేర్చుకుంది. ఇప్పుడు నాకంటే వేగంగా కొడుతుంది. నాకు కుళ్లు కూడా.

ఇరవై లాప్‌టాప్‌లు ఇస్తామని గురుకులాల శాఖవాళ్లు మాటిచ్చారు. కంప్యూటర్ డిప్లొమా ఎంట్రన్స్ ఈ ఏడాది నుంచి కాగితం మీద కాదు, మెషీన్ మీదే రాయాలట. నా బతుకు కూడా ఆ లాప్‌టాప్‌లతోనే ముడిపడింది. ప్రిన్సిపాల్ వైదేహి మేడమ్ నిన్న పిలిచి ఖరాఖండిగా చెప్పేసింది: "చూడు పూర్ణిమా, లాప్‌టాప్‌లు వస్తె ల్యాబు ఉన్నట్టు. ల్యాబు ఉంటె కాంట్రాక్టు టీచర్ ఉన్నట్టు. అవి రాకపోతె నిన్ను ఉంచుకునుడు నా చేతిల లేదు." కోపం రాలేదు. ఆవిడ నిజమే చెప్పింది.

నా పాత లాప్‌టాప్ ఎలా ఉంది? నీకు ఇచ్చినప్పుడే దాని ఫ్యాన్ పిండిమర లాగా మోగేది. మీ రూమ్మేట్లు ఇంకా నిన్ను గదిలోంచి తరమలేదా?

నీ అక్క,
పూర్ణిమ


స్కాలర్ల హాస్టల్, యూనివర్సిటీ క్యాంపస్,
డిసెంబరు

అక్కా,

నీకో విచిత్రం చెప్పాలి. పిల్లలకు లాప్‌టాప్‌లు ఇవ్వాలా, స్మార్ట్‌ఫోన్లు ఇవ్వాలా తేల్చడానికి మీ శాఖ ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ మా పీహెచ్‌డీ గైడ్ సార్‌ని రిపోర్టు అడిగింది. సార్ నన్ను అడిగాడు. అంటే మీ బడి సంగతి చూసేది నేనే! సార్‌కు చెప్పాను, మా అక్క అక్కడే టీచరని. "అయితె ఇంక మంచిగ చెయ్యి, మీ అక్క ముందట ఇజ్జత్ పోవద్దు" అన్నాడు.

పని సులువే. ఫోన్‌కైనా లాప్‌టాప్‌కైనా లోపల లెక్కలు చేసే చిప్ ఒకటుంటుంది కదా, ప్రాసెసర్. రెండింటికీ ఒకే పరీక్ష పెట్టాలి. ఫొటోలు మార్చడం, పెద్ద పెద్ద లెక్కలు, పేజీలు తెరవడం, ఇలాంటివన్నీ కలిపి కొద్ది నిమిషాలు పరుగెత్తిస్తే చివర ఒక స్కోరు వస్తుంది. కమిటీ వాళ్లు ఫోన్లు పంపారు, లాప్‌టాప్ పంపలేదు. మీకు ఇవ్వబోయే వాటిలో ఉండే రకం ప్రాసెసరే నీ దాంట్లోనూ ఉంది. కాబట్టి పందెంలో ఫోన్‌కు పోటీ నీ పిండిమరే.

పక్షపాతం అనిపించుకోకూడదని నియమాలు నేనే రాశాను. ఏసీ గది. ఒక్కో పరుగు తర్వాత రెంటికీ విశ్రాంతి. బల్ల మీద పడుకోబెట్టి, పూర్తిగా చల్లారాకే మళ్లీ మొదలు. ఫోన్‌కు కవరు కూడా తీసేస్తాను. చార్జర్ పెట్టను. ప్రపంచంలో ఎక్కడైనా స్కోరు ఇలాగే తీస్తారు. సార్ ఆ పేజీ చదివి వెన్ను తట్టాడు.

సాయంత్రాలు తార్నాక దాకా నడిచి టీ తాగొస్తున్నాను. గోల్నాక వెళ్లి లచ్చమ్మ చిన్నమ్మను చూడలేదని తిట్టకు. వెళ్తాను.

నీ తమ్ముడు,
పరుశురాం


రేగులగూడెం,
జనవరి

పరుశూ,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో పైకి చదివాను. యంత్రాలకు విశ్రాంతి ఇస్తారన్న చోట అందరూ నవ్వారు. పీటీ టీచర్ కరుణ అయితే "మేడమ్, నన్ను గూడ మీ తమ్ముని ల్యాబుకు పంపుండ్రి, ఏసీల పండుకోబెడ్తడు" అంది. పిల్లలక్కూడా చెప్పాను. మనీషా నవ్వలేదు. "చల్లారేదాంక ఎంతసేపు ఆగుతరు మేడమ్?" అని సీరియస్‌గా అడిగింది.

ఒక మాట అడుగుతాను, విసుక్కోకు. నీ పరుగు కొద్ది నిమిషాలు అన్నావు. మా పిల్లల పరీక్ష మూడు గంటలు. దానికీ దీనికీ తేడా ఏమీ ఉండదా? నాకు నీ అంత తెలియదు. రోజంతా నిలబడి పాఠం చెప్పేదాన్ని కాబట్టి అడుగుతున్నా. మొదటి పీరియడ్లో ఉన్న గొంతు ఆఖరి పీరియడ్లో ఉండదు.

లాప్‌టాప్‌లే గెలవాలని నాకు ఉంది. ఎందుకో నీకు తెలుసు. అయినా నా కోసం ఒక్క అంకె కూడా మార్చకు. మార్చావని తెలిస్తే చెవి మెలిపెడతాను.

నీ అక్క,
పూర్ణిమ


యూనివర్సిటీ క్యాంపస్,
ఫిబ్రవరి

అక్కా,

ఫోన్ గెలిచింది!

నేనే నమ్మలేదు. మళ్లీ మళ్లీ తీశాను. ప్రతిసారీ అదే గెలుపు. అరచేతిలో పట్టే వస్తువు, ఫ్యాన్ లేదు, చప్పుడు లేదు, నీ లాప్‌టాప్ కంటే ముందే లెక్క తేల్చేసి కూర్చుంటోంది. నీ పిండిమర పాపం ఆయాసపడుతూనే ఉంది. ల్యాబ్‌లో అందరూ వచ్చి చూశారు. సార్ దీన్ని కాన్ఫరెన్స్‌కు పంపుదామన్నాడు. పేపర్ మీద నా పేరు ముందుంటుంది.

మూడు గంటల సంగతి సార్‌ను అడిగాను. "ఎంట్రన్స్ అంటె టైపింగే గదా, దానికెంత పవర్ కావాలె?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. రిపోర్టు కమిటీకి వెళ్లింది. లాప్‌టాప్‌ల ఆర్డర్ ఆపేశారట. ఇరవై కాదు, ఇప్పుడు పిల్లకొక ఫోన్ ఇస్తారు, చిన్న కీబోర్డుతో సహా. మీ మనీషాకు ఇక అట్టముక్క అక్కర్లేదు.

నీ పోస్టు గురించి భయపడకు. లాప్‌టాప్ అయితేనేం, ఫోన్ అయితేనేం, నేర్పేదానివి నువ్వే కదా. ఎగిరి గంతేస్తావనుకున్నాను. వెంటనే రాయి.

నీ తమ్ముడు,
పరుశురాం


రేగులగూడెం,
ఏప్రిల్

పరుశూ,

వెంటనే రాయలేదు. రాయాలంటే చెయ్యి రాలేదు.

ఫోన్లు మార్చిలో వచ్చాయి. ఎవరూ ఎత్తుకుపోకుండా ఒక్కోదానికి మందపాటి రబ్బరు కవరు తొడిగి, జిగురుతో అంటించి, కవరును నైలాన్ తాడుతో బెంచీకి కట్టాలని చెప్పి పంపారు. విప్పితే బాధ్యత ప్రిన్సిపాల్‌ది. పిల్లలు మురిసిపోయారు. నేనూ మురిశాను, అబద్ధమెందుకు?

పరీక్ష మొన్న మా బడిలోనే, ఆ ఫోన్ల మీదే జరిగింది. మధ్యాహ్నం బ్యాచ్. గదులు చాలక మాకు రేకుల షెడ్డు ఇచ్చారు, బెంచీలూ అక్కడికే మోయించారు. ఫోన్లు చూసుకోవడానికి నన్నూ లోపల ఉండనిచ్చారు. బ్యాటరీ మధ్యలో అయిపోకూడదని అందరి ఫోన్లకూ చార్జర్లు పెట్టించారు. మొదట బాగానే ఉంది. మనీషా కీబోర్డు మీద వాన పడుతున్నట్టు కొట్టింది. కాసేపటికి ఒక పిల్ల చెయ్యెత్తింది: "మేడమ్, అక్షరం కొడితె ఎంతసేపటికో వస్తున్నది." తర్వాత ఇంకొకతి. తర్వాత అందరూ. ముట్టుకుంటే పెనం మీద చెయ్యి పెట్టినట్టుంది. స్క్రీన్లు వాటంతటవే మసకబారాయి. ప్రశ్న మారాలంటే ఎదురుచూడాలి, అక్కడ గడియారం మాత్రం ఆగదు.

పిల్లలు ఊదారు పరుశూ. వేడి పాలు ఊదినట్టు ఫోన్లను ఊదారు. ప్యాడ్లతో గాలి విసిరారు. ఇన్విజిలేటర్ "కూసోండి, కూసోండి" అని అరవడం తప్ప ఏం చేస్తాడు? మనీషా తన చున్నీ తాగేనీళ్లలో తడిపి ఫోన్‌కు చుట్టింది. కాసేపు పనిచేసింది కూడా. నావైపు చూసి నవ్వింది. తర్వాత చార్జర్ పెట్టిన రంధ్రంలోకి నీళ్లు వెళ్లి అది పూర్తిగా ఆగిపోయింది. వేరే ఫోన్ ఇవ్వడానికి రూల్ లేదట. అప్పటికి సగం పేపరే అయింది. ఆ చచ్చిన ఫోన్ ముందు గంట కొట్టేదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చింది నేను, స్టోర్ రూములో.

నీ మీద కోపం లేదని రాయాలనుకున్నాను. ఉంది. తగ్గాక రాస్తాను.

పూర్ణిమ


స్కాలర్ల హాస్టల్, క్యాంపస్,
మే

అక్కా,

నీ ఉత్తరం చదివి ఏసీ ల్యాబ్‌కు వెళ్లాలనిపించలేదు. ఫోన్లు రెండు, నీ లాప్‌టాప్ తీసుకుని హాస్టల్ మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన రేకు కిందికి చేరాను. మీ ఫోన్లలాగే రబ్బరు కవరు తొడిగాను. చార్జర్ పెట్టాను. విశ్రాంతి ఇవ్వలేదు. మూడు గంటలు వరుసగా పరుగెత్తించాను.

నువ్వు జనవరిలో అడిగిందే జరిగింది. మొదటి పరుగు ఫోన్‌దే. తర్వాత వేడెక్కి, కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటూ పోయింది. చివరికి సగం కూడా లేదు. నీ లాప్‌టాప్ మొదట వెనకబడింది, అయినా దాని వేగం పెద్దగా తగ్గలేదు. దానికి ఫ్యాన్ ఉంది కదా. మనం నవ్వుకున్న ఆ చప్పుడే దాన్ని నిలబెట్టింది. నేను పెట్టిన విశ్రాంతి నియమమే ఫోన్‌ను గెలిపించింది అక్కా. న్యాయంగా ఉండాలని పెట్టాను. ఎవరి పరీక్షలో చల్లారే దాకా ఆగుతారు? ఈ ప్రశ్న నాకు తట్టలేదు. మీ మనీషాకు తట్టింది.

అంకెలు తీసుకుని సార్ దగ్గరికి వెళ్లాను. "టెస్టు తప్పని ఎట్ల అంటవ్? రూల్స్ నువ్వే రాసినవ్, నేనే సంతకం పెట్టిన. పేపర్ యాక్సెప్ట్ అయింది. కమిటీ ఫైల్ క్లోజ్ అయింది. ఇప్పుడు మిద్దె మీద కూసోని ఇంకోటి తీసిన అంటె ఇద్దరం రోడ్డు మీద పడ్తం" అన్నాడు. ఒక్కరోజు కొలతలు ఎవరూ నమ్మరని కూడా అన్నాడు.

సరే, ఒక్కరోజు కాదు. మే అంతా తీస్తాను. రోజూ మధ్యాహ్నం మిద్దె మీదే ఉంటున్నాను. నెల కొలతలు పెడితే కాదనలేరు. వచ్చే ఏడాదికైనా మీ లాప్‌టాప్‌లు తెప్పిస్తాను. నువ్వు అక్కడ గట్టిగా ఉండు చాలు.

పరుశురాం


జూన్

పరుశూ,

ఆ మిద్దె దిగు ముందు. ఫోన్లు తమను తాము కాపాడుకుంటాయని నువ్వే రాశావు. నీకు ఆ మాత్రం తెలివి లేదా? వడదెబ్బ తగిలితే నిన్ను తడిపిన చున్నీలో చుట్టేవాళ్లు లేరక్కడ.

కోపం తగ్గింది. నువ్వు అంకెలు మార్చలేదు, నేను చెప్పినట్టే చేశావు. అది గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

ఫలితాలొచ్చాయి. మా బడి నుంచి ఒక్కరికీ సీటు రాలేదు. మనీషా ముషీరాబాద్‌లో వాళ్ల మేనత్త దగ్గర ఉంటోంది, పెళ్లికార్డుల షాపులో కవర్లు అంటిస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది, క్లాసులో లేచినట్టే. మళ్లీ పరీక్ష రాయమన్నాను. "మళ్ల గా ఫోన్ల మీదనే గద మేడమ్" అంది. వచ్చేటప్పుడు ఇంకోటి అడిగింది: "మీ తమ్ముని ల్యాబుల ఫోన్లు చల్లారేదాంక ఆగుతరంటిరి. మమ్ముల ఎవరన్న ఆగుమన్నరా?"

నీ పనికి అడ్డం వస్తానని కాదుగాని, నా లాప్‌టాప్ బాగానే నడుస్తోందా? ఊరికే అడుగుతున్నా.

నీ అక్క


స్కాలర్ల హాస్టల్, క్యాంపస్,
జులై మొదటివారం

అక్కా,

నీ ఉత్తరం మీద ఈసారి ఊరిపేరు లేదు. మనీషాను ముషీరాబాద్‌లో ఎప్పుడు కలిశావు? సిటీకొచ్చి నన్ను చూడకుండా వెళ్లావా? అంత కోపమా?

ఇక్కడ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. నెల కొలతలు థీసిస్‌లో ఒక అధ్యాయంగా పెట్టాను. సార్ దానికి అడ్డంగా ఎర్రగీత కొట్టి వెనక్కిచ్చాడు. శాఖకు నేను విడిగా పంపిన కాగితాలకు జవాబు లేదు. కాన్ఫరెన్స్‌లో పేపర్ మాత్రం చదివాను. నా నోటితో, ఏసీ హాల్లో, ఫోన్ గెలిచిందని చదివాను. చదవకపోతే సార్ థీసిస్ మీద సంతకం పెట్టనన్నాడు. చప్పట్లు కొట్టారు. సర్టిఫికెట్, శాంపిల్ ఫోన్ ఒకటి బహుమతిగా ఇచ్చారు. ఆ రిపోర్టును వచ్చే ఏడాది మిగతా గురుకులాలన్నిటికీ వర్తింపజేస్తారట. అందులో స్కోర్ల టేబుల్ కింద నా పేరుంటుంది.

లాప్‌టాప్ ఉంది. దాని గురించి బెంగపడకు. మేడమ్‌ను అడిగి సెలవు పెట్టి ఒకసారి రా.

పరుశురాం


తార్నాక,
జులై

పరుశూ,

ఊరిపేరు చూశావు కదా. ఇక దాచి లాభం లేదు.

నీ ఉత్తరాలు బడికి వెళ్తే వైదేహి మేడమ్ కవరు మార్చి నాకు పంపుతోంది. ఏప్రిల్ ఆఖరుకే నన్ను తీసేశారు. ఫోన్లు వచ్చాక ల్యాబ్ గదిని స్టోర్ చేశారు. ల్యాబ్ లేనిచోట కంప్యూటర్ టీచర్ ఎందుకు? ఫోన్లు పంచడం, లెక్కపెట్టి తీసుకోవడం కరుణకు అప్పగించారు. మేడమ్ నాతో పాటు బస్సు దాకా వచ్చింది. గోల్నాకలో చిన్నమ్మ ఇంట్లో కొన్నాళ్లున్నాను, నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. ఇప్పుడు మెట్రో స్టేషన్ వెనక గల్లీలో కోచింగ్ పిల్లల లేడీస్ హాస్టల్లో వార్డెన్‌ని. గేటు తాళం, నీళ్ల ట్యాంకర్, పిల్లల తగాదాలు. చదువు చెప్పమని మాత్రం ఎవరూ అడగరు.

నిన్ను రెండుసార్లు చూశాను. ఒకసారి చౌరస్తాలో టీ తాగుతున్నావు. చిక్కిపోయావు. పిలవబోయి ఆగిపోయాను. పిలిస్తే ఎందుకొచ్చావని అడుగుతావు. చెబితే థీసిస్ చింపేస్తావు, నిన్నెరుగుదును. ఇంట్లో ఒక్కరికైనా చదువు పూర్తి కావాలి కదా.

ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. ఇక్కడే ఒక కోచింగ్ సెంటర్‌లో కంప్యూటర్ టీచర్ కావాలట. సోమవారం డెమో క్లాస్. ఎవరి లాప్‌టాప్ వాళ్లే తెచ్చుకోవాలి. ఫోన్‌తో చెబితే కుదరదా అని అడిగాను. ఆఫీసులో అబ్బాయి నవ్వాడు: "ఫోన్ మీద ఎవరు చెప్తరు మేడమ్?" నేనూ నవ్వాను.

నా పాతదాన్ని శనివారం తెచ్చివ్వు. దాని చప్పుడు పిల్లలు వింటే నవ్వుతారు, నవ్వనీ. మళ్లీ బ్లాక్‌బోర్డు ముందు నిలబడాలని ఉంది పరుశూ. ఈ ఒక్కటీ పోతే నాకు ఇంకేం తోచదు. క్షమాపణలు మాత్రం మోసుకురాకు, ఈ గదిలో వాటికి చోటు లేదు.

నీ అక్క,
పూర్ణిమ


తార్నాక, మీ హాస్టల్ గేటు ముందు,
శనివారం

అక్కా,

ఇది వాచ్‌మన్ చేతికిచ్చి పంపుతున్నాను. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం లేదు.

లాప్‌టాప్ ఉందని రాశాను. ఉంది, కానీ పనిచేయదు. నెల కొలతలు కావాలని రోజూ మిద్దె మీద ఎండలో పరుగెత్తించాను. దానికీ విశ్రాంతి ఇవ్వలేదు. మే ఆఖరి మధ్యాహ్నం ఫ్యాన్ చప్పుడు గరగరమని, ఒక్కసారిగా ఆగిపోయింది. కాలిన వాసన వచ్చింది. తార్నాకలో ఒకరికి, ముషీరాబాద్‌లో ఇంకొకరికి చూపించాను. ఇద్దరూ ఒకటే మాట: "బోర్డే కాలిపోయింది భాయ్, ఉంచుకునుడు దండగ." నీకు ఎలా చెప్పాలో తెలియక మంచం కింద పెట్టాను. నువ్వు అడిగినప్పుడల్లా దాని మీదే పడుకుని ఉన్నాను.

ఆ రోజు కూడా ఆగిపోయేలోపు ఫోన్‌ను అదే గెలిచింది. ఆ అంకె ఎర్రగీత కింద ఉంది. ఎవరూ చూడరు.

పొద్దుటి నుంచి తిరుగుతున్నాను. ల్యాబ్ మెషీన్ గేటు దాటనివ్వరు. రూమ్మేట్ కుమార్ తన లాప్‌టాప్ తీసుకుని ఊరెళ్లాడు. ఇంకెవరూ ఇవ్వలేదు. నా చేతిలో ఉన్నది కాన్ఫరెన్స్‌లో ఇచ్చిన ఫోన్ ఒక్కటే. దాంతో ఏ క్లాసూ చెప్పలేవని నాకు తెలుసు. అయినా జేబులో వేసుకుని వచ్చాను.

క్షమాపణ తేలేదు. నువ్వు వద్దన్నావు. మెట్ల మీద నీ చెప్పుల చప్పుడు వినిపిస్తుందేమోనని చూస్తూ గేటు బయటే ఉన్నాను. దిగి రా అక్కా. రాకపోయినా సరే, కాసేపు ఇక్కడే నిలబడతాను.

పరుశురాం